పదిహేడో సీసా

బనగానపల్లె,
మే నెల మొదటి వారం.

చిరంజీవి పాపకు పెద్దనాయన ఆశీర్వదించి రాసేది.

మీ జేజికి మోకాళ్ళ నొప్పి అట్లే ఉంది, నోరు మాత్రం తగ్గలేదు. తోటలో కాపు ఈ ఏడు మధ్యరకం. మొన్న గాలివాన కొట్టి రాలిన కాయలన్నీ ఊరగాయకు పోయినాయి.

నీ ఉత్తరం అందింది. ఫోనులో రెండు మాటలతో సరిపెట్టే పిల్లవు నాలుగు పేజీలు రాసినావంటే లోపల ఎంత పేరుకుందో తెలుస్తానే ఉంది. ఎనిమిది నెలలు, నలభై మూడు సీసాలు, ఒక్కదాంట్లో కూడా ఎక్స్‌రే మిషను మీద పెట్టదగిన క్రిస్టల్ రాలేదు. అడుగున పసుపు పొడి, లేకపోతే గోడకు అంటుకున్న జిగురు. పక్క బెంచీ పిల్లోడికి వారానికొక స్ట్రక్చర్ వస్తోంది. నాకు చేతకాదేమో పెద్దనాయనా అని రాసినావు.

చేతనవునా కాదా అనేది తర్వాత చూద్దాం. నాలుగో పేజీ అడుగున, కొట్టేసి మళ్ళీ రాసిన లైను ఒకటుంది. పదిహేడో నెంబరు సీసాను కిటికీలో పెట్టి మర్చిపోయినావని, దాంట్లో ఏవో నారింజరంగు సూదులు కనిపించినాయని, పాడైపోయినట్టుందని. ఉత్తరమంతా ఒకసారి చదివినా. ఆ లైను నాలుగుసార్లు చదివినా.

నేను నీ మాదిరి పీహెచ్‌డీ చేసినోణ్ణి కాదు. ముప్పై ఏళ్ళు హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో రియాక్టర్ల పక్కన నిలబడినోణ్ణి. నీ చేతిలో పది మిల్లీలీటర్ల సీసా, నా చేతిలో ఐదువేల లీటర్ల రియాక్టర్. రెండింట్లో జరిగేది ఒకటే పని. కరిగి, తిరుగుతూ, ఎవరికి వారుగా ఉన్న అణువులు ఒక వరసలో కూర్చోవడం. ఆ వరస కూర్చోబెట్టేది మనం కాదు. మనం కూర్చునే వీలు కల్పిస్తాం, అంతే.

ఆ వీలు కల్పించడం మీ జేజికి తెలిసినంత నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు దాకా తెలియలేదు. నెయ్యి కాచినాక ఆమె ఏం చేస్తుందో గుర్తుందా? గిన్నె దించి, మూత వేసి, పొయ్యి వెచ్చన తగిలే మూలన పెట్టి, దాన్ని ఎవరినీ కదిలించనీదు. తెల్లారి చూస్తే పూసపూసగా పేరుకొని ఉంటుంది. అదే నెయ్యిని మీ అమ్మ హడావిడిగా ఫ్రిజ్‌లో పెడితే సబ్బుముద్ద. కొవ్వు అదే, గిన్నె అదే. నిదానంగా చల్లారితే కొద్దిచోట్లే గింజ పడి, ఆ గింజల మీదే మిగతాది చేరి పెద్దవవుతాయి. ఒక్కసారిగా చల్లారితే లక్షచోట్ల గింజ పడి, ఏదీ పెరగదు. నీ నలభై మూడు సీసాల్లో ఎన్నింటిని ఫ్రిజ్‌లో పెట్టినావో లెక్క చూసుకో. ఒక సీసాకు బిగుతుగా మూతవేసి, ఇంకోదానికి అల్యూమినియం రేకు కట్టి సూదితో ఒకే ఒక బెజ్జం పెట్టు. సాల్వెంట్ పోవడానికి వారం పడితే పడనీ. రోజుకు నాలుగుసార్లు సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూసే అలవాటు నీకు ఉండి ఉంటుంది. మా వంశంలో అందరికీ ఉంది.

ఇంకొకటి. నువ్వు క్రిస్టల్ చేయాలని చూస్తున్న కర్కుమిన్, అదే పసుపులో ఉండే అణువు, దాని డబ్బా ఎక్కడ కొన్నావో రాయలేదు. బజారులో కర్కుమిన్ అని అమ్మేది చాలాసార్లు ఒక అణువు కాదు, ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి కాపురం. ముప్పావు వంతు అసలు కర్కుమిన్, మిగతాది ఒక మెథాక్సీ గుంపు లేనిదొకటి, రెండూ లేనిదొకటి. వరసలో కూర్చోబోయే అణువుకు పక్కన, తనలాగే ఉండి కాస్త పొట్టిగా ఉన్నోడు వచ్చి దూరితే ఆ వరస చెదురుతుంది. కాలమ్ వేసి వాటిని విడదీసినావా? విడదీయకపోతే ఎనిమిది నెలల కోపం నీ మీద కాదు, ఆ డబ్బా మీద చూపించు.

ఇప్పుడు అసలు సంగతి. మీ గైడు నీకిచ్చిన అణువు సామాన్యమైంది కాదు. పసుపుకొమ్ము నుంచి దాన్ని 1815లోనే వేరుచేసినారు. అయితే అది ఎట్లా కట్టబడిందో రసాయనంగా తేలడానికి 1910 దాకా పట్టింది. బొమ్మ వేసి చూడు, కావడి మాదిరి ఉంటుంది. రెండు చివర్ల రెండు బెంజీన్ వలయాలు, ఒక్కోదానికి ఒక హైడ్రాక్సిల్, ఒక మెథాక్సీ. వాటి మధ్య ఏడు కార్బన్ల కావడిబద్ద. ఆ బద్ద నడుమ రెండు ఆక్సిజన్లు, వాటి మధ్య ఒక హైడ్రోజన్ రెండిళ్ళ నడుమ తిరిగే పిల్లమాదిరి. పేరంటాలకు మీ జేజి పసుపులో సున్నం కలిపి పారాణి చేసినప్పుడు ఎర్రబడుతుంది చూడు, అది కూడా ఈ అణువు పనే. క్షారం తగిలితే హైడ్రోజన్ ఊడిపోయి, అది వెలుతురును మింగే తీరు మారిపోతుంది. రసాయనం మనింట్లో గడప మీదే ఉంది, మనం దాన్ని తొక్కకుండా దాటి కాలేజీకి పోయి నేర్చుకున్నాం.

ఆ కావడిబద్ద చెక్కుచెదరనిది కాదు. ఒంటి బంధమంటే ఒక్క మేకు కొట్టిన పలక, తిరుగుతుంది. జంట బంధమంటే రెండు మేకులు కొట్టిన పలక, తిరగదు. కర్కుమిన్ బద్దలో ఒంటివీ జంటవీ ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి అది చదునుగా ఉండటానికే మొగ్గు చూపుతుంది. కానీ పట్టుపట్టదు. కాస్త మెలి తిరగమంటే తిరుగుతుంది. ఈ మెలికల లెక్కనే మీ పుస్తకాల్లో కన్ఫార్మేషన్ అంటారు. నేను వాటం అంటా. మనిషి ఒకడే, కూర్చునే వాటం వేరు.

నంద్యాల బస్సు పొద్దున ఎనిమిదిన్నరకు ఎన్నిసార్లు ఎక్కినావు! ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురు. బ్యాగు ఒళ్ళో, మోచేతులు డొక్కలకు, మోకాళ్ళు ఒక పక్కకు. ఆ బస్సులో నీ ఫోటో తీసి, ఈ పిల్ల ఎప్పుడూ ఇట్లే కూర్చుంటుందని ఎవరైనా అంటే ఒప్పుకుంటావా? క్రిస్టల్‌లో అణువు ఫోటో కూడా అంతే. అది అబద్ధం కాదు. ఆ బస్సులో, ఆ పక్కవాళ్ళ మధ్య, ఆ వాటంలో అది నిజంగా కూర్చుంది. ఇంకో బస్సులో ఇంకో వాటం.

పంచదారనే తీసుకో. దాని క్రిస్టల్‌ను న్యూట్రాన్లతో 1963లో బ్రౌన్, లెవీ అనేవాళ్ళు కొలిచినారు. గ్లూకోజు ముక్కా ఫ్రక్టోజు ముక్కా ఒకదాన్నొకటి రెండు హైడ్రోజన్ బంధాలతో లోపల్లోపలే పట్టుకొని ఉన్నాయి. అదే పంచదారను నీళ్ళలో వేస్తే, చుట్టూ నీటి అణువులు చేయందిస్తుంటే, ఆ లోపలి పట్టు అట్లే నిలిచి ఉండదు. కాఫీలో కరిగిన పంచదార, డబ్బాలో ఉన్న పంచదార ఒకే పదార్థం. వాటం ఒకటి కాదు.

అదే 1963లో మద్రాసులో రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ కలిసి చేసిన పని నీకు తెలిసే ఉంటుంది. ప్రోటీన్ గొలుసులో ప్రతి ముడి దగ్గర తిరిగేవి రెండు కోణాలు. ఆ రెండింటినీ అన్ని విలువలకూ తిప్పి, వాళ్ళు అడిగింది ఒకే ప్రశ్న. ఏ కోణాల దగ్గర పరమాణువులు ఒకదానికొకటి గుద్దుకోవు? గుద్దుకోని చోట్లను ఒక పటంగా గీసినారు. ఇప్పటికీ ప్రోటీన్ స్ట్రక్చర్ వేసినోళ్ళంతా రామచంద్రన్ పటం ముందు పెట్టుకొని సరిచూసుకుంటారు. ఏ మహా సిద్ధాంతమూ కాదు అది. ఇరుకు చోట మోచెయ్యి ఎక్కడ పడుతుంది, ఎక్కడ పట్టదు అనే బస్సు లెక్కే. పెద్ద పనులు చాలా మటుకు ఇట్లాంటి చిన్న ప్రశ్నతోనే మొదలయినాయి, కాకపోతే అడిగినోళ్ళు చివరిదాకా అడిగినారు.

నీ అణువు కథకు వస్తా. కర్కుమిన్ క్రిస్టల్ స్ట్రక్చర్ మొదట 1982లో నార్వేవాళ్ళు తేల్చినారు. దాంట్లో కావడి కాస్త మెలి తిరిగి ఉంది. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళు, కర్కుమిన్ అంటే ఆ రూపమే. 2011లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అశ్వినీ నాంగియా బృందం ఇంకో రెండు రూపాలు ఉన్నాయని చూపించింది. ఆ కొత్తవాటిలో అణువు దాదాపు చదునుగా ఉంది. వాటిలో ఒకటి పాతదానికంటే బాగా కరుగుతుంది. అదే ఏడు వాళ్ళే కర్కుమిన్‌ను రిసార్సినాల్‌తో, పైరోగల్లాల్‌తో జతగా క్రిస్టల్ చేసినారు. నీళ్ళూ ఆల్కహాలూ కలిపిన ద్రవంలో మొదటి జత సుమారు ఐదు రెట్లు, రెండోది పన్నెండు రెట్లు వేగంగా కరిగింది. ముప్పై ఏళ్ళు ప్రపంచమంతా ఒకే వాటం చూసి ఇదే అణువు అనుకున్నది, నీ హాస్టలుకు సిటీ బస్సు దూరంలో ఒక ల్యాబులో ఇంకో వాటంలో కూర్చుంది. కడపలో పసుపు మార్కెట్టు ఎన్ని తరాలుగా నడుస్తోందో, ఎన్ని లక్షల బస్తాలు చేతులు మారినాయో! ఆ పసుపు లోపల ఉన్నది ఇన్ని విధాలుగా కూర్చోగలదని తెలియడానికి 2011 రావాల్సి వచ్చింది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు ఆ గాలి ఊరికే రాలేదు. గౌతమ్ దేశిరాజు 1979లో అక్కడికి వచ్చి ముప్పై ఏళ్ళు పనిచేసినాడు. సేంద్రియ ఘనపదార్థాలను మనం అనుకున్న విధంగా కట్టవచ్చని చెప్పే క్రిస్టల్ ఇంజనీరింగ్ పుస్తకాన్ని 1989లో అక్కడి నుంచే రాసినాడు. అంతకుముందు వాల్తేరులో సూరి భగవంతం, వెంకటరాయుడు కలిసి గ్రూప్ థియరీ మీద 1948లో పుస్తకం తెచ్చినారు. క్రిస్టల్ సౌష్ఠవాన్ని లెక్కల్లో పట్టుకునే విద్య అది. నువ్వు ఇప్పుడు స్పేస్ గ్రూపు పేరు కంప్యూటర్ చెప్తే రాసుకుంటున్నావు. ఒక్కసారి కాగితం మీద చేత్తో వేసి చూడు. మిషను చెప్పింది తప్పు అయ్యేది ఎక్కువగా అక్కడే.

వాటం మారితే ఏమవుతుంది, రెండూ కర్కుమినే కదా అని నీకు అనిపించవచ్చు. ఫ్యాక్టరీలో మాకు ఆ భయం నేర్పింది రిటోనవిర్. హెచ్‌ఐవీ మందు, 1996లో బజారుకు వచ్చింది. రెండేళ్ళు అంతా సవ్యంగా నడిచి, 1998లో ఉన్నట్టుండి క్యాప్సూళ్ళు కరగడం మానేసినాయి. లోపల ఎప్పుడూ చూడని ఇంకో క్రిస్టల్ రూపం పుట్టింది. అణువు అదే. దానిలో కార్బమేట్ అనే ఒక ముక్క మాత్రం అటునుంచి ఇటు తిరిగింది. ఆ కొత్త వాటం అణువుకు ఒంటరిగా సుఖమైంది కూడా కాదు. కానీ ఆ వాటంలో పక్కవాళ్ళతో హైడ్రోజన్ బంధాలు గట్టిగా కుదిరినాయి, అందుకని అదే స్థిరపడింది. స్థిరపడింది కాబట్టే కరగలేదు. కరగని మందు కడుపులోకి పోయి ఏం లాభం? ఆ క్యాప్సూల్‌ను బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు. మా షిఫ్టులో ఆ వార్త చదివిన రోజు ఒక పెద్దాయన, అణువు కూడా మనిషేరా, ఇంట్లో ఒక తీరు సంతలో ఒక తీరు అన్నాడు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసైలేట్‌కు బీటా క్రిస్టల్ రూపం కనిపెట్టినామని నోవార్టిస్ కంపెనీ మన దేశంలో పేటెంట్ అడిగింది. అడ్డం నిలిచినవాళ్ళలో హైదరాబాదు నాట్కో ఫార్మా ఒకటి. ఆ రూపం తేమ తక్కువ పీలుస్తుంది, పొడి బాగా జారుతుంది, నిలకడ ఎక్కువ. అవన్నీ ఒప్పుకున్నా, రోగం తగ్గించే గుణం పెరిగిందని చూపించలేదు కాబట్టి పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) కింద పేటెంట్ రాదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పొడి బాగా జారడం ఎంత గొప్ప సంగతో నా నడుముకు తెలుసు, సెంట్రిఫ్యూజ్ గుడ్డ నుంచి ముద్దను గీకినోణ్ణి. అయినా ఆ తీర్పు న్యాయమే అంటా. నువ్వు రేపు కొత్త రూపం ఒకటి పట్టినా, అది మెరుగైన మందు అని మాత్రం రాయొద్దు. అది కొత్త రూపం అని రాయి. పసుపు విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కర్కుమిన్‌తో తగ్గని రోగం లేదని ఊళ్ళో చెప్తారు, వాట్సాప్‌లో చెప్తారు, పత్రికల్లో కూడా వేలకొద్దీ పేపర్లు ఉన్నాయి. 2017లో ఔషధ రసాయన పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష, సరైన కట్టుదిట్టాలతో మనుషుల మీద జరిపిన ఏ పరీక్షలోనూ అది గెలవలేదని తేల్చింది. నీ పరిచయ అధ్యాయంలో ఆ సమీక్ష పేరు లేకపోతే నాకు చిన్నతనం. జేజికి మాత్రం చెప్పొద్దు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పేరెందుకులే, ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉన్నా. మా ప్రోడక్టు ఎప్పుడూ సన్నటి సూదులుగా వచ్చేది. ఫిల్టరు కావడానికి ప్రాణం పోయేది, సూదులు చాపలా అల్లుకొని నీళ్ళను వదిలేవి కావు. ఒక చలికాలం రాత్రి కరెంటు పోయి, జనరేటరు ఎక్కడానికి ఆలస్యమై, రియాక్టర్ కలపకుండా చాలాసేపు అట్లే ఉండిపోయింది. తెల్లారి దింపితే సూదులు లేవు. పలుచటి పలకలు, అభ్రకం రేకుల మాదిరి తళతళ. పది నిమిషాల్లో ఫిల్టరు అయింది. నా సంతోషం అర్ధగంట. ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది, మెల్టింగ్ పాయింటు నాలుగు డిగ్రీలు తేడా, స్పెసిఫికేషన్‌లో లేదు. నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. మళ్ళీ కరగబెట్టి, మామూలు సీడ్ వేసి, మామూలు సూదులు దింపినా. బ్యాచ్ రికార్డులో రీవర్క్ అని ఒక్క మాట రాసినా. ఎంతసేపు కలపకుండా ఉంది, ఎంత వేడి దగ్గర ఆగింది, ఏ లాటు సాల్వెంట్, ఏమీ లేదు. చారెడు పక్కన పెట్టిందీ లేదు.

అది కొత్త రూపమే అని నేను చెప్పను. బయటి ఆకారం మారినంత మాత్రాన లోపలి అమరిక మారినట్టు కాదు. సాల్వెంట్ మారితే ఒకే అమరిక సూదిగానూ పెరుగుతుంది, పలకగానూ పెరుగుతుంది. మలినం ఉన్నా మెల్టింగ్ పాయింటు తప్పుతుంది. ఏమీ కాకపోయి ఉండవచ్చు. కానీ తర్వాత ఆరుసార్లు ఆ పలకల కోసం ప్రయత్నించినా, రాలేదు. ఏమి చేసినానో రాసి ఉంటే వచ్చేవేమో. రాయలేదు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, ఆ రికార్డు కూడా ఉండదు.

అందుకని నీకు చెప్పేది ఇంతే. పాడైపోయింది అనే మాట నీ నోట్‌బుక్‌లో ఉండకూడదు. ఏం కనిపించిందో రాయి. రంగు, ఆకారం, ఎన్నో రోజు, ఏ సాల్వెంట్, సీసా ఎక్కడ ఉంది, ఆ వారం వాన పడిందా. నచ్చనిది ఇంకా వివరంగా రాయి, నచ్చినది ఎట్లాగూ గుర్తుంటుంది.

చూడటం కూడా నేర్చుకో. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వజ్రాల కోసం వెతుకుతారు. మన రవ్వలకొండ పేరులోనే రవ్వలున్నాయి, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల గనులు తవ్వినారు. ఆ వెతికేవాళ్ళను చూసినావా, నేరుగా నిలబడి చూడరు. పొద్దు వాలుగా ఉన్నప్పుడు ఒకపక్క నుంచి చూస్తారు. నీకు దానికంటే మంచి సాధనం ఉంది. మైక్రోస్కోపులో రెండు పోలరాయిడ్లు అడ్డంగా పెట్టి, కింద క్రిస్టల్‌ను నెమ్మదిగా తిప్పు. ఒంటి క్రిస్టల్ అయితే తిప్పుతుండగా మొత్తం ఒక్కసారి ఆరిపోతుంది, మళ్ళీ ఒక్కసారి వెలుగుతుంది. ఒక పక్క ఆరి ఒక పక్క వెలుగుతుంటే అది కవలో, గుంపో. దాన్ని మిషను మీద పెట్టి రాత్రంతా డేటా తీసి, తెల్లారి ఏడవొద్దు. పదిలో ఎనిమిది ఏడుపులు ఈ రెండు నిమిషాలతో తప్పుతాయి.

స్ట్రక్చర్ వచ్చిన రోజు కూడా తొందరపడొద్దు. ఎక్స్‌రేలను చెదరగొట్టేది ఎలక్ట్రాన్లు. హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్కటే ఎలక్ట్రాన్, అది కూడా బంధంలోకి లాగబడి ఉంటుంది. కాబట్టి నీ కావడిబద్ద నడుమ తిరిగే ఆ హైడ్రోజన్ సరిగ్గా ఏ ఆక్సిజన్ ఇంట్లో ఉందని అడిగితే, ఎక్స్‌రే నసుగుతుంది. నసిగిందని రాయి. కంప్యూటర్ దాన్ని ఒక ఇంట్లో పెట్టి చక్కటి బొమ్మ ఇస్తుంది, ఆ బొమ్మ చూసి నమ్మేస్తాం. రెండు చోట్ల ఉన్న మెథాక్సీని ఒకే చోట ఉందని చెప్పి బొమ్మను చక్కగా చూపించుకోవడం కూడా చేస్తారు. నువ్వు చెయ్యొద్దు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో ఒకరు ఆ డేటా తెరిచి చూస్తారు. కేంబ్రిడ్జి డేటాబేస్‌లో పది లక్షలకు పైగా స్ట్రక్చర్లు ఉన్నాయి, ఒకసారి చేరినది అక్కడ పడే ఉంటుంది.

పక్క బెంచీ పిల్లోడి సంగతి. వాడి అణువు గట్టి పలక అయి ఉంటుంది, మెలి తిరిగేది కాదు. పలకలు పేర్చడం సులువు, మీ నాయన బండల మిషను దగ్గర చూస్తున్నావు కదా, ఒకే కొలత బండలు ఎంత ఎత్తయినా పేరుస్తారు. తిరిగే కీళ్ళున్న అణువు ప్రతిసారీ ఏ వాటంలో కూర్చోవాలో ఎంచుకోవాలి, పక్కది కూడా అదే ఎంచుకోవాలి. అందుకే ఆలస్యం. డొరొతీ హాడ్జ్‌కిన్ ఇన్సులిన్ క్రిస్టల్‌కు తొలి ఎక్స్‌రే ఫోటో తీసింది ముప్పైల్లో, స్ట్రక్చర్ తేల్చింది 1969లో. మధ్యలో పెన్సిలిన్, బీ12 తేల్చి నోబెల్ కూడా తెచ్చుకుంది, అది వేరే సంగతి. నీది ఎనిమిది నెలలు.

చిన్నప్పుడు నిన్ను బెలుం గుహలకు తీసుకుపోయినా, గుర్తుందా? పైనుంచి వేలాడే ఊడలను చూసి, ఇవి ఎవరు చేసినారు అని అడిగినావు. నీళ్ళు అన్నా. నమ్మలేదు నువ్వు. మీ నాయన మిషను కింద అరిగే సున్నపురాయి, ఆ ఊడ రెండూ కాల్సైటే, అంటే కాల్షియం కార్బొనేటే. అదే పదార్థం సముద్రపు గవ్వలో ఇంకో అమరికలో కూర్చుంటే అరగొనైట్ అంటాం. అప్పుడు ఇదంతా చెప్పడానికి నీకు ఆరేళ్ళు, నాకు తెలివి లేదు.

ఇరవయ్యో తేదీ తర్వాత కోత మొదలుపెడతాం. రెండు గంపలు బస్సులో వేయిస్తా, కండక్టరు నెంబరు ఫోనులో చెప్తా. వరిగడ్డి తీసేయొద్దు, దాంట్లోనే మాగనీ. ఒక గంప మీ గైడుకు. బనగానపల్లె కాయ అని చెప్పు, బేనిషాన్ అంటే వాళ్ళకు అర్థమవుతుంది. 2017లో మన కాయకు జీఐ గుర్తింపు వచ్చినా, హైదరాబాదు బండ్ల మీద అమ్మేదంతా మనదే అని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ పదిహేడో సీసా పారబోయలేదు కదా? ఆర్‌ఓవై అనే ఒక అణువు ఉంది, దాని కథ ఎవరైనా చెప్పినారో లేదో. ఎరుపు, నారింజ, పసుపు రంగుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టినారు. పదార్థం ఒకటే, అణువు మెలి తిరిగిన కోణం మారేకొద్దీ క్రిస్టల్ రంగు మారుతుంది. నీ నారింజ సూదులు అట్లాంటివే అని ఆశపెట్టను. సాల్వెంట్ లోపల ఇరుక్కొని ఉండొచ్చు, మలినం కావచ్చు, కుళ్ళిన కర్కుమినే కావచ్చు. తేల్చడానికి ఒక పూట పని. ద్రవంలోంచి సూదులన్నీ ఒకేసారి బయటికి తీయొద్దు, ద్రవం ఆరిపోనీయొద్దు. ముందు ఫోటో తియ్యి, తర్వాత ఒక్క సూదిని నూనెలో పెట్టి పోలరాయిడ్ కింద చూడు, మిగిలినవాటిలో రెండింటికి మెల్టింగ్ పాయింటు. ఏ తేదీన, ఏ సాల్వెంట్‌లో, ఎంత వేసినావో ఈ రాత్రే గుర్తు తెచ్చుకొని రాసుకో.

సీసా ఇంకా కిటికీలోనే ఉంటే ఈ ఉత్తరం పక్కనపెట్టి ముందు దాన్ని చీకట్లోకి మార్చు. కర్కుమిన్‌కు వెలుతురు పడదు.

ఇట్లు,
మీ పెద్దనాయన